ధైర్యం చెబితే సరిపోదు



క్యాన్సర్ రోగుల కుటుంబాలపై మీ పత్రిక గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 'రోగి ముందు ఏడవకండి, ధైర్యం చెప్పండి' అన్నదే అందులో పదే పదే కనిపించింది. మా ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది, కీమో నడుస్తోంది. పక్కనుండే మనిషికి ధైర్యవచనాలకన్నా ముందు కావలసింది తెలివిడి.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించాక కొన్ని రోజులు చల్లటిది ఏది తగిలినా వేళ్లు, గొంతు జివ్వుమంటాయి. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టలేరు. పొద్దున్నే స్టీలు గ్లాసు పట్టుకోవడమూ కష్టమే. అందుకే పెరుగు ముందే తీసి బయట పెడతాను, తాగడానికి గోరువెచ్చటి నీళ్లే ఇస్తాను. ఇంతకన్నా ముఖ్యం జ్వరం. 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. తెల్లరక్తకణాలు పడిపోయిన రోజుల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది, అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఎన్ని ఇళ్లకు మేలు జరిగేదో!

ఉపశమన చికిత్స అంటే ఇక ఆశ లేనట్టేనని మా బంధువులూ భయపడ్డారు. అది కీమోతో పాటే అందాల్సిన వైద్యం. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో అందుకు విభాగమే ఉంది.

ఇక కన్నీళ్ల సంగతి. "నాకేమైనా అయితే ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో తెలుసా?" అని ఓ రాత్రి ఆయనే అడిగారు. 'అలా అనకండి' అని నోరు మూయించలేదు. ఇద్దరం బీరువా తీసి అన్నీ చూసుకున్నాం. ఏడ్చాం కూడా. ఆ రాత్రి ఆయన నిద్రపోయారు.

వచ్చే సంచికలో కీమో వార్డు నర్సు ఒకరితో రాయించండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం