మొమోల పక్కన గోంగూర

గుంటూరులో ఫ్యూజన్ రెస్టారెంట్లు గోంగూర పచ్చడితో మొమోలు వడ్డిస్తుంటే మా పెద్దవాళ్లు మొహం చిట్లిస్తున్నారు. నాకు మాత్రం ఆ పళ్లెం చూడగానే 2006 జనవరిలో దలైలామా నిర్వహించిన కాలచక్ర బౌద్ధ దీక్షా ఉత్సవానికి జనం కదిలొచ్చిన అమరావతి గుర్తొస్తుంది. కృష్ణ ఒడ్డున గుడారాల మధ్య, టిబెట్ నుంచి వచ్చినవాళ్ల పక్కన నిలబడి తిన్న వేడి మొమోల రుచి ఇంకా నాలుక మీదే ఉంది. తర్వాతెప్పుడో చైనాలోని చెంగ్డూలో హాట్‌పాట్ ముందు కూర్చున్నాను. ఎర్రటి నూనెలో ఎండుమిర్చి తేలుతోంది, నాలుక తిమ్మిరెక్కింది, నాకేమో చిలకలూరిపేట దారిలో కళ్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటు తగిలినట్లయింది. మన తేజ రకం మిర్చిని ఎక్కువగా కొనేది చైనాయే మరి! అసలు మిర్చే అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి వచ్చింది. అంతకుముందు మన కూరల్లో కారమంటే మిరియాలూ పిప్పళ్లే. అలాంటి నేల మీద కొత్త కలయికను తప్పుపట్టడం అన్యాయం. నా అభ్యంతరమల్లా సీసా సాస్ మీదే. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఎక్కడిదో తియ్యటి ఎర్రసాస్ పోసి దానికి గుంటూరు పేరు పెడతారా? భౌగోళిక గుర్తింపు పొందిన సన్నం మిర్చి మన చేతిలోనే ఉంది. రంగుకూ రుచికీ సన్నం, మంటకు తేజ. రోట్లో వెల్లుల్లితో నూరి పెట్టండి, ఏ మిర్చి వాడారో మెనూలో రాయండి, పరుచూరు నల్లరేగడిలో పండిందైతే ఆ ఊరి పేరూ వేయండి.