దేవుని తోటలో: నేలపిచ్చుక



పిచ్చుకల వెల సువార్తలలో రెండు చోట్ల కనబడుతుంది. మత్తయిలో కాసుకు రెండు. లూకాలో రెండు కాసులకు అయిదు. లెక్క చూస్తే అయిదవది కొసరు! ఆ కొసరు పిట్టను కూడ తండ్రి మరువడని ప్రభువు చెప్పెను.

ఈ నెల మేము వ్రాసేది ఇంటి పిచ్చుకను గూర్చి కాదు. బీళ్లలోను, దున్ని వదిలిన మెట్టచేలలోను తిరిగే మరొక చిన్న పిట్ట. ఆంగ్లములో ఆషీ క్రౌన్డ్ స్పారో లార్క్ అంటారు. మనం నేలపిచ్చుక అందాము. చూపుకు పిచ్చుకే గాని ఇది భరతపక్షుల కుటుంబమునకు చెందినది. మగదానికి తల బూడిద రంగు, బుగ్గలు తెలుపు, గడ్డము నుండి పొట్ట వరకు నలుపు. ఆడది మట్టి రంగు. చెట్టు మీద వాలదు. నేలను కరచుకొని కూర్చుండి, మన పాదము మీద పడబోయే ముందు తుర్రుమంటుంది.

మగపిట్ట ఆట చూచి తీరవలసినదే. సుమారు నూరు అడుగుల ఎత్తుకు ఎగిరి, రెక్కలు ముడిచి రాయివలె పడుతుంది. పడుతూనే మళ్లీ పైకి లేస్తుంది. ఈల వేస్తూ అలా మెట్లు మెట్లుగా దిగుతుంది. మొదటిసారి చూచినప్పుడు ఎవరో ఉండేలుతో కొట్టారనుకొన్నాము.

గూడంటే నేల మీద చిన్న గుంట. లోపల గడ్డిపోచలు, వెంట్రుకలు, అంచున చిన్న చిన్న రాళ్లు. అందులో 2 లేక 3 గుడ్లు. తల్లీ తండ్రీ వంతులవారీగా 13, 14 రోజులు పొదుగుతాయి. మనము బీడును పనికిరాని భూమి అంటాము. ఈ పిట్టకు అదే ఇల్లు.

ఒక వేసవిలో సువార్త కూటముల కొరకు దేవాలయము వెనుక బీడును ట్రాక్టరుతో చదును చేయించాము. పని అయిన తరువాత రెండు పిట్టలు సాయంకాలము దాక ఒకే చోట దిగుతూ లేస్తూ ఉన్నాయి. గొఱ్ఱెలు కాచే పిల్లవాడు వచ్చి, "అక్కడ గూడుండేదండి, అయ్యగారూ. మూడు గుడ్లు" అన్నాడు.

"ముందే చెప్పలేదేమిరా?"

"మీరు అడగలేదు కదండీ."

నిజమే, అడగలేదు. ముందురోజు అదే స్థలములో మోకరించి ప్రార్థించి వచ్చిన వాళ్లమే, కింద ఏముందో చూడలేదు. పందిరి అక్కడే వేశాము. ఆ మూడు రాత్రులూ మా కళ్లు ఆ చోటికే పోయాయి.

ఆ తరువాత నుండి బీడులో పని పెట్టే ముందు ఆ పిల్లవాడిని వెంటబెట్టుకొని ఒకసారి నడిచి వస్తున్నాము. రెండవ ఏట ఒక గూడు దొరికింది. దూరముగా ఒక కర్ర పాతి, ఆ చుట్టుపట్ల దున్నవద్దన్నాము. ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు గాని, పక్కకు తిప్పుకొని పోయాడు.