మిషన్ మాటకు మామయ్య పూచీ

‘‘అమ్మాయ్, నువ్వు పేపర్లో రాస్తావు గదా. ఇది చూసి ఎట్టుందో చెప్పు’’ అంటూ మా మామయ్య తన ఫోను నా చేతిలో పెట్టారు. పోయిన వేసవిలో గూడూరులో ఆయన మండీలో కూర్చుని ఉన్నాం. బయట లారీకి నిమ్మకాయల బస్తాలు ఎక్కిస్తున్నారు. ఎండకు ఆ వాసన ఇంకాస్త ఘాటుగా వస్తోంది.

మామయ్యది ముప్ఫై ఏళ్ల నిమ్మ వ్యాపారం. చుట్టుపక్కల తోటల్లో కోసిన కాయ ఆయన చేతుల మీదుగా ఢిల్లీ దాకా పోతుంది. ఇన్నేళ్లలో ఆయనకు ప్రకటనల అవసరం పడలేదు. ఫోన్లో చెప్పిన మాటే బిల్లు, మాటే రసీదు. కానీ ఇప్పుడు కొత్తగా సరుకు కావాలనుకునేవారు ‘ఫలానా చోట ఎవరున్నారు’ అని తెలిసినవాళ్లను అడగడం లేదు. గూగులమ్మను అడుగుతున్నారు. ఆవిడేమో మామయ్య పేరు చెప్పడం లేదు. దాంతో ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు రంగంలోకి దిగాడు. ఒక్క రాత్రిలో వెబ్‌సైట్ సిద్ధం. మొత్తం నలభై పేజీలు. అన్నీ కృత్రిమ మేధ, అదేనండీ ఏఐ రాసిచ్చినవే!

‘‘నీకు అప్పగించుంటే ఒక్క పేజీకి వారం పట్టేది’’ అని మామయ్య నవ్వారు. నేనూ నవ్వాను కానీ, రాతే జీవనాధారమైనదాన్ని కదా, లోపలెక్కడో కాస్త చివుక్కుమంది.

ఏ గూడూరు?

చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లిషు నున్నగా ఉంది. తెలుగూ తప్పుల్లేకుండా ఉంది. ‘గూడూరు నిమ్మ’, ‘బెస్ట్ లెమన్ సప్లయర్’ అన్న మాటలు మాత్రం పెళ్లి భోజనంలో నెయ్యి వడ్డించినట్టు వాక్యవాక్యానికీ పడుతున్నాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి మామయ్య మండీ తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాకు తరలిపోయింది!

తప్పు ఎక్కడ జరిగిందో ఊహించడం కష్టం కాదు. తెలుగునాట గూడూర్లు చాలా ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లాలో ఒకటి, కర్నూలు జిల్లాలో ఒకటి, కృష్ణా జిల్లాలో ఇంకొకటి. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో బీబీనగర్ దగ్గర టోల్‌గేటు ఉన్నదీ గూడూరే. ఇక నిమ్మకూ అభ్రకానికీ పేరుపడ్డ, రేణిగుంట వైపు రైలు మార్గం చీలే మన గూడూరు 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఏఐకి ఊళ్లు తెలియవు, మాటలు తెలుసు. కోట్లాది పేజీలు చదివి, ఈ మాట తర్వాత ఏ మాట వస్తే సబబుగా ఉంటుందో లెక్కగట్టి రాస్తుంది. ఏ గూడూరో మనం విడమరిచి చెప్పకపోతే తనకు తోచిన గూడూరు పెట్టేస్తుంది. అదీ ఎక్కడా తడబడకుండా, పక్కాగా తెలిసినట్టే!

ఊరి పేరు దిద్దించాను. మిగతావి పైపైన చూసి ‘బాగానే ఉంది మామయ్యా’ అనేశాను. తప్పు నాది కూడా.

రెండు వారాల తర్వాత ఢిల్లీ నుంచి ఫోన్. కొత్త వ్యాపారి. ఒక లారీ సరుకు కావాలన్నాడు. మామయ్య ఆనాటి ధర చెప్పారు. ‘ఏడాది పొడవునా ఒకే ధర అని మీ వెబ్‌సైట్లో ఉంది కదా’ అన్నాడాయన. పక్కనే ఒక అంకె కూడా ఉందట. నిమ్మ ధర పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. వేసవిలో కాపు తక్కువ, గిరాకీ ఎక్కువ. వానలు పడ్డాక కాయ దండిగా వచ్చి ధర దిగుతుంది. 2022 వేసవిలో దేశమంతా నిమ్మకాయ కొనడానికి ఆలోచించిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. అలాంటి సరుకుకు ఏడాదంతా ఒకే ధరా? మామయ్య తనకొచ్చిన మండీ హిందీలో ‘అది నేను రాయలేదు, మిషన్ రాసింది’ అన్నారు.

‘మరి దాని మీద మీ పేరెందుకుంది?’ అన్నాడట అవతలి మనిషి.

మామయ్య మారు మాట్లాడలేదు. ఆ ఒక్క లారీ ఆ ధరకే పంపారు. ఎంత పోయిందో ఆయన చెప్పలేదు. అత్తయ్య మాత్రం లెక్క చెప్పింది!

గూగుల్ ఏమంటోంది?

వెతికినవారికి మన వెబ్‌సైట్ పైన కనిపించేలా పేజీలను తీర్చిదిద్దడాన్ని సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటారు. పొట్టిగా ఎస్‌ఈవో. ఒకప్పుడు ఇందులో చిట్కా ఒకటే, కావలసిన మాటను పేజీ నిండా కుక్కడం. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో రాసి దాచిన ఘనులూ ఉన్నారు. ఇలా పేజీలను ఫ్యాక్టరీ సరుకులా తయారుచేసే సైట్లను వెనక్కి నెట్టడానికి గూగుల్ 2011లో ‘పాండా’ అనే మార్పు తెచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ ఫ్యాక్టరీ అందరి ఇళ్లలోకీ వచ్చేసింది.

అలాగని ఏఐతో రాస్తే గూగుల్ శిక్షిస్తుందనుకోవద్దు. ఎవరు రాశారన్నది కాదు, చదివేవారికి పనికొస్తుందా లేదా అన్నదే ముఖ్యమని 2023 ఫిబ్రవరిలోనే ఆ సంస్థ చెప్పింది. పైకి రావడానికే గుట్టలుగుట్టలుగా పేజీలు పోస్తే మాత్రం, మనిషి రాసినా మిషన్ రాసినా అది స్పామ్ కిందికే వస్తుందని 2024 మార్చిలో నిబంధన పెట్టింది. పేజీల నాణ్యతను అంచనా వేయించడానికి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, నమ్మకం ముందే ఉన్నాయి. 2022 డిసెంబరులో వాటికి ‘అనుభవం’ కూడా చేర్చారు. రాసినవారికి ఆ విషయంలో స్వానుభవం ఉందా అన్నది ప్రశ్న. ముప్ఫై ఏళ్లు నిమ్మకాయల మధ్య గడిపిన మనిషికి అంతకంటే అనుకూలమైన నిబంధన ఏముంటుంది? కానీ ఆ నలభై పేజీల్లో ఆ అనుభవం ఒక్క వాక్యమైనా లేదు.

పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తగిలింది. అమెరికాలోని సీనెట్ అనే ప్రసిద్ధ వెబ్‌సైట్ ఏఐ సాయంతో రాయించిన 77 వ్యాసాల్లో 41కి 2023లో సవరణలు వేసుకుంది. పదివేల డాలర్లు 3 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి వచ్చే రాబడి 10,300 డాలర్లని ఒక వ్యాసం చెప్పింది. అసలు వడ్డీ 300 మాత్రమే! తెలుగుకూ ఈ అనుభవం పాతదే. 2010 ప్రాంతంలో గూగుల్ అనువాద పరికరంతో తయారైన వ్యాసాలు తెలుగు వికీపీడియాలోకి వచ్చిపడ్డాయి. వాటి కృతకమైన భాషతో అక్కడి స్వచ్ఛంద రచయితలు తలపట్టుకున్నారు.

మీరూ సైట్ పెడుతున్నారా?

పచ్చళ్లు, చీరలు, ట్యూషన్లు... ఇంటి నుంచి వ్యాపారం చేసే ప్రతివారికీ ఇప్పుడు వెబ్‌సైట్ కావాలి. ఏఐని దూరం పెట్టనక్కర్లేదు. పని ఇచ్చే తీరు మారాలి.

* ముందు మీకు తెలిసింది మీ మాటల్లో చెప్పండి. ఫోన్లో రికార్డు చేసినా చాలు. దాన్ని వరుసలో పెట్టమని ఏఐకి ఇవ్వండి.
* ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ మీరే రాయండి.
* ధర, గ్యారంటీ, గడువు, ఆరోగ్యానికి సంబంధించిన మాట... ఈ నాలుగూ మీరు చదవకుండా బయటికి పోకూడదు.
* కొనేవారు మిమ్మల్ని ఫోన్లో అడిగే ప్రశ్నలే పేజీకి శీర్షికలు. గూగుల్‌లోనూ వాళ్లు వెతికేది ఆ మాటలతోనే.
* అనువాదం చేయిస్తే ఆ భాష వచ్చినవారితో ఒకసారి చదివించండి.

మామయ్య సైట్లో ఇప్పుడు ఆరు పేజీలే ఉన్నాయి. వేసవి కాయకూ వానాకాలం కాయకూ తేడా ఏంటి, గజ్జి తెగులు మచ్చ పడిన కాయను ఎందుకు వేరుగా ఏరతారు, దూరప్రయాణానికి ఏ రంగులో ఉన్న కాయ కొయ్యాలి... ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. కొడుకు ఏఐతో హిందీ చేయించాడు. హిందీ చదవడం వచ్చిన గుమస్తా దిద్దాడు. ధర దగ్గర అంకె లేదు. ‘ఆనాటి ధర ఫోన్లో చెబుతాం’ అని మామయ్య తనే రాయించారు.

గూగుల్‌లో మొదటికి వచ్చారా అంటే, ఇంకా లేదు. ఫోన్లు మాత్రం వస్తున్నాయి, చేసినవారు పేజీ చదివి మరీ ప్రశ్నలడుగుతున్నారట. ఒక్కో పేజీకి నాకు నిజంగానే వారం పట్టింది. ఈసారి మామయ్య ఏమీ అనలేదు. నేను బయల్దేరేటప్పుడు తనే ఏరి ఒక సంచి నిమ్మకాయలు కట్టించారు. ఒక్కదాని మీదా మచ్చ లేదు.