‘నిధి’ పోయి ‘నిది’ మిగిలెను

ఇరువది యేండ్లుగా రేడియోలోను రికార్డులలోను విని తలలూపిన విద్వాంసుని కచేరీకని గుడియాత్తము నుండి బస్సెక్కి వేలూరు పోతిమి. కల్యాణి ఆలాపన దివ్యము! పిమ్మట ‘నిధి చాల సుఖమా’ యను త్యాగరాజకృతి ‘నిది సాల సుకమా’ అయినది. ఎదుట తమిళలిపిలో వ్రాసిన కాగితము. ఆ లిపిలో త, థ, ద, ధలు నాల్గింటికి నొకటే అక్షరము. చ, సలకును తరచు నొకటే. అయినను దోషము లిపిది కాదు. అక్షరమునకు అంకెలు చేర్చి భేదము చూపు కృతుల పుస్తకములు తమిళముననే కలవు. చూడని అలసత్వమే దోషము. రాగమే చాలునన్నచో తిరువయ్యారున కూర్చుండి త్యాగయ్య తెలుగున సాహిత్యము కట్టనేల?

తిరుగు బస్సులో మా పిల్లల నడిగితిమి. వారికే తప్పును తోచలేదట! 2006 చట్టముతో బడిలో తమిళము తప్పనిసరి యైనది. ఇంట తెలుగక్షరములు దిద్దించుటకు మాకు తీరిక లేకపోయినది. విద్వాంసునకు జాబు వ్రాసినాము. పలకలు మాత్ర మింకను కొనలేదు.