చివరివారిని వదిలేసే పరుగు బృందం ఎవరి కోసం?

"ధైర్యం తెచ్చుకోండి, మీరూ పరుగెత్తగలరు!" పరుగు బృందంలో కొత్తగా చేరినవారికి అందరూ చెప్పే మాట ఇదే. వైద్యుడిగా నేను దీనితో ఏకీభవించలేను. ఆత్మవిశ్వాసం ఒకరు చెబితే వచ్చేది కాదు. తనకు సాధ్యమైన పనిని శరీరం పదే పదే చేయగా కలిగేది. ఆ అవకాశమివ్వకుండా మాటలతో ఉత్సాహపరచడం, మందివ్వకుండా రోగిని కోలుకొమ్మనడం వంటిది.

మా కాలనీలో నలభై అయిదేళ్ల గృహిణి ఒకరు, మధుమేహం ఉందని తెలిసిన తరువాత, ఉదయపు పరుగు బృందంలో చేరారు. తొలిరోజే ముందువారితో సమానంగా పోవాలని ప్రయత్నించి, అర కిలోమీటరుకే ఆయాసంతో ఆగిపోయారు. చుట్టూ చూస్తే తోడు ఎవరూ లేరు. ఆ సాయంత్రం వాట్సాప్‌లో అందరి వేగాల పట్టిక పెట్టారు. ఆమె పేరు అట్టడుగున ఉంది. మూడో వారానికి మోకాలి కింద ఎముక వెంబడి నొప్పితో నా వద్దకు వచ్చి, "డాక్టరు గారూ, పరుగు నా ఒంటికి పడదండీ" అన్నారు. ఆమెకు పడనిది పరుగు కాదు, పరుగెత్తించిన పద్ధతి.

వ్యాయామం ప్రారంభించిన కొన్ని వారాలలోనే గుండె, రక్తప్రసరణ అందుకు అలవాటు పడతాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే టెండన్లు గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. దమ్ము పెరిగింది కదా అని వేగం పెంచితే గాయపడేది ఇవే. అందుకే కొత్తవారు నడకను, పరుగును కలపాలి. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ రూపొందించిన తొమ్మిది వారాల ప్రణాళికలో మొదటి వారం చేయవలసినది అరవై సెకన్ల మెల్లని పరుగు, తొంభై సెకన్ల నడక. అలా ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు మాత్రమే. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అదే మీకు తగిన వేగం. మాట తెగిపోతుంటే నడవండి. అది ఓటమి కాదు, సరైన మోతాదు.

"పోటీ లేనిదే పురోగతి ఎక్కడ?" అని బృంద నాయకులు వాదిస్తారు. పోటీ కోరేవారు పోటీ పడవచ్చు. దానిని అందరికీ కొలబద్దగా చేయడమే తప్పు. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో పదముగ్గురితో మొదలైన పార్క్‌రన్ నేడు అనేక దేశాలలో ప్రతి వారం జరుగుతోంది. అక్కడ అందరికంటే వెనుక నడవడానికి ఒక స్వచ్ఛంద సేవకుడు ఉంటాడు; కనుక చివరివాడననే చింత ఎవరికీ ఉండదు. 2024లో ఆ సంస్థ వేగపు రికార్డుల జాబితాలను సైతం తన వెబ్‌సైటు నుండి తొలగించింది. అయినా అక్కడ పరుగు ఆగిపోలేదు.

కాబట్టి మన బృందాలను నేను కోరేవి మూడు. వేగాల పట్టికలను, కోరినవారికి తప్ప, ఆపండి. ప్రతిరోజూ ఒక అనుభవజ్ఞుడు చివరివారితో కలిసి నడవాలి. కొత్తగా చేరినవారిని ముందుగా వారి ఆరోగ్యం గురించి అడగండి. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, ఇన్సులిన్ లేదా చక్కెరను తగ్గించే మాత్రలు వాడేవారు తమ వైద్యుని సంప్రదించిన తరువాతే పరుగు ప్రారంభించాలి. ఛాతీలో నొప్పి గాని, కళ్లు తిరగడం గాని కలిగితే వెంటనే ఆగి, ఆలస్యం చేయక వైద్యసహాయం పొందాలి.

వేగంగా పరుగెత్తేవారికి బృందం లేకపోయినా నష్టం లేదు. వారు ఒంటరిగానైనా పరుగెత్తుతారు. బృందం అవసరమైనది ఆయాసంతో ఆగిపోయిన ఆ గృహిణికి. ఆమెను నిలుపుకోలేని బృందం ఎన్ని పతకాలు తెచ్చినా, ప్రజారోగ్యానికి చేసిన మేలు స్వల్పమే.