విండోస్ 10 గడువు తీరింది: నాలుగు ఆటలు ఒకేసారి నడిపే యంత్రానికి ఏ సిస్టం?

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు భద్రతా సవరణలు ఆపేసింది. ఆ వార్త వచ్చినప్పుడు మనలో చాలామంది పట్టించుకోలేదు. యంత్రం మరునాడు కూడా మామూలుగానే తెరుచుకుంది కదా! దాని బరువు ఇప్పుడు తెలుస్తోంది.

హోసూరులో మా సంఘం గదిలో ఆరు కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లు, 8 జీబీ మెమరీ. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. బాగుచేసే అంగడి ఆయన వచ్చి చూసి, ఆరూ తీసేసి కొత్తవి కొనమన్నాడు. రెండు లక్షల నలభై వేలన్నాడు. మేము ఉగాదికి ఖర్చు పెట్టేది అందులో సగం కూడా ఉండదు.

అదే వారం గదికి వచ్చే ఇంజనీరింగ్ కుర్రాడొకడు, "తాతా, కొత్తవి ఎందుకు? లినక్స్ వేయించండి. నాలుగు క్లయింట్లు ఒకేసారి హాయిగా నడుస్తాయి" అన్నాడు. ఆ రాత్రే వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "కార్యదర్శిగారూ, మావాడు నాలుగు ఆటలు ఒక్కసారే పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఇదేమైనా జూదమా?" అని. అంగడి ఆయన లెక్క, కుర్రాడి సలహా, తండ్రి భయం మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి కనుక, ఒక నెల కూర్చుని ఒక్కొక్క ముడీ విప్పి చూశాను.

ముందు జూదం సంగతి. గెలిస్తే డబ్బు వస్తుందని డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. ఈ కుర్రాడు ఆడేది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. ఇంగ్లండులోని జాజెక్స్ అనే కంపెనీ 2013 నుంచి నడుపుతోంది. చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, గనులు తవ్వడం, ఇలా గంటల తరబడి సాగే ఆట. పని నిదానం కాబట్టి ఒకడే నాలుగు ఖాతాలు తెరిచి, ఒకచోట చెట్టు కొడుతూ ఇంకోచోట చేప పడతాడు. మన యంత్రంలో తెరుచుకునే ఆట ప్రోగ్రామునే క్లయింట్ అంటారు. నాలుగు ఖాతాలంటే నాలుగు క్లయింట్లు. జూదం కాదు, కాలక్షేపం. కాలం మరీ ఎక్కువ తింటుందంటారా, అది తండ్రీ కొడుకులు తేల్చుకోవలసిన విషయం.

ఒక్క జాగ్రత్త మాత్రం ఆ తండ్రికి చెప్పాను. వెనిజులాలో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలినప్పుడు అక్కడి యువకులు చాలామంది ఈ ఆటలోనే బంగారం పోగుచేసి, బయట డాలర్లకు అమ్ముకుని ఇల్లు గడుపుకున్నారు. ఆ కథ విని మన పిల్లలూ ఉత్సాహపడతారు. ఆట బంగారాన్ని అసలు డబ్బుకు అమ్మడం కంపెనీ నియమాలకు విరుద్ధం. పట్టుబడితే ఖాతా పోతుంది. ఎన్ని ఖాతాలుంటే అన్నీ పోవచ్చు.

నాలుగు క్లయింట్లు తెరవడం తప్పా అంటే, ఆటను బట్టి ఉంటుంది. రూన్‌స్కేప్‌లో తెరవచ్చు. ఒక్క నొక్కుడును నాలుగింటికీ పంపే సాఫ్ట్‌వేర్ మాత్రం కూడదు. ఈవ్ ఆన్‌లైన్‌లో 2015 జనవరి నుంచి అదే నియమం. పైగా అక్కడ ఉచిత ఖాతాలు రెండు ఒకేసారి నడపనివ్వరు, చందా కట్టాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్లు 2020 నవంబర్‌లో అటువంటి సాఫ్ట్‌వేర్‌ను నిషేధించారు. ఏ సిస్టం వేసినా ఈ నియమాలు మారవు. లినక్స్ వేస్తే కనబడదులే అనే మాట గదిలో ఒకరిద్దరి నోట విన్నాను. ఖాతాను గమనించేది కంపెనీ సర్వర్, మన గదిలో పెట్టె కాదు.

ఇక యంత్రం విషయం. నాలుగు క్లయింట్లు తెరిస్తే ప్రతి ఒక్కటీ తన పటాలు, బొమ్మలు, శబ్దాలు వేరువేరుగా మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఒకే ఇంట్లో నాలుగు కాపురాలు నాలుగు పొయ్యిలు పెట్టినట్టు. మెమరీ నిండగానే సిస్టం మిగిలినదాన్ని డిస్కు మీదకు తోస్తుంది. అక్కడే నత్తనడక మొదలవుతుంది. మా యంత్రాల్లో ఉన్నవి పాత తిరిగే హార్డ్ డిస్కులు. అంగడి ఆయన "ప్రాసెసర్ ముసలిదైపోయింది" అన్నాడు కానీ, టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ సగం ఖాళీగా ఉంది. డిస్కు మాత్రం నూటికి నూరు చూపిస్తోంది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెడితే సగం జబ్బు పోతుంది. వెనక ఉన్న మూడు విండోలకు సెకనుకు అరవై ఫ్రేములు అక్కర్లేదు, పది పదిహేను చాలు. ఆ పరిమితి పెట్టే సదుపాయం చాలా ఆటల్లోనే ఉంది. పైసా ఖర్చు లేని వైద్యం, ఎవరూ చెప్పరు.

లినక్స్ ఉపయోగం కూడా ఇక్కడే. లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు అది తీసుకునే మెమరీ విండోస్ 11 తీసుకునేదానికన్నా బాగా తక్కువ. 8 జీబీ యంత్రంలో ఆ మిగులే ఇంకో క్లయింటుకు చోటు. 16 జీబీ దాటితే ఈ తేడాకు పెద్ద విలువ లేదు. మెమరీ కొనేస్తే పోలా అంటారేమో. 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి. ఏఐ కేంద్రాలకు సరుకంతా పోతోంది. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి మెమరీ అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు మైక్రాన్ డిసెంబర్‌లో ప్రకటించింది.

అలాగని కుర్రాడి మాట పూర్తిగా నిజమూ కాదు. వాడి ఆట వరకూ నిజం. రూన్‌లైట్ అనే క్లయింట్ జావాలో రాసింది, లినక్స్‌కూ ఉంది. కంపెనీ లాంచర్ మాత్రం విండోస్‌కు, మ్యాక్‌కు మాత్రమే. లినక్స్‌లో ఔత్సాహికులు చేసినదాన్ని వాడతారు, కాబట్టి పాస్‌వర్డ్ ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవాలి. స్టీమ్‌లో దొరికే విండోస్ ఆటలు వాల్వ్ కంపెనీ 2018లో తెచ్చిన ప్రోటాన్ ద్వారా లినక్స్ మీద చాలావరకు నడుస్తాయి.

చిక్కంతా దొంగాటను పట్టే ప్రోగ్రాములతో. వాలొరెంట్‌లో వాన్‌గార్డ్ అనేది సిస్టం లోతుల్లో కూర్చుంటుంది, లినక్స్ మీద రాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కు కూడా 2024లో అదే తగిలించారు, అప్పటిదాకా లినక్స్‌లో ఆడుకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. అపెక్స్ లెజెండ్స్ అదే ఏడాది చివర లినక్స్ తలుపు మూసేసింది. ఫోర్ట్‌నైట్ మొదటి నుంచీ తెరవలేదు. ఫోన్ ఆటలను కంప్యూటర్లో నాలుగు విండోల్లో ఆడించే బ్లూస్టాక్స్‌కు లినక్స్ కూర్పు లేదు. అది ఒక్కో విండోకూ ఒక్కో ఫోన్ బొమ్మను కడుతుంది గనుక 8 జీబీలో రెండుకు మించి ఆశ పెట్టుకోకూడదు. మా గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడేవి ఇవే.

విండోస్ 10 మీదే ఉండిపోవచ్చా? కొన్నాళ్లు ఉండవచ్చు. ఇంటి వాడకందారులకు భద్రతా సవరణలు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించుకునే వీలుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేస్తే ఉచితం, లేకపోతే 30 డాలర్లు. అంగడి ఆయన ఈ మాట చెప్పలేదు. పాత యంత్రంలో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కిస్తామనేవాళ్లూ ఉన్నారు. ఎక్కుతుంది, కానీ రేపు సవరణలు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

లినక్స్ అంటే మన పెద్దవాళ్లకు బెరుకు. కానీ తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి పిల్లలకు ఇచ్చిన ఉచిత లాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే బాస్ లినక్స్ ఉండేది. చెన్నై సీ-డాక్ వాళ్లు చేసింది. మన ఇళ్లల్లోకి అది ఎప్పుడో వచ్చింది, ఎవరూ తెరవలేదంతే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో ఉంది, యూనికోడ్‌లో రాసేవాళ్లకు ఇబ్బంది లేదు. మా ఉగాది సంచిక మాత్రం ఇంకా అను ఫాంట్లలోనే కంపోజ్ అవుతోంది. అది విండోస్ సరుకు. ఆ ఒక్క కారణానికే ఆఫీసు యంత్రాన్ని ముట్టుకోవద్దని నేను పట్టుబట్టాను. కమిటీలో కుర్రవాళ్లు నవ్వారు, నవ్వనీయండి.

చివరికి ఇలా తేల్చాం. ఆఫీసు యంత్రం, వాలొరెంట్ వాళ్ల యంత్రాలు రెండు పొడిగింపు తీసుకుని విండోస్ 10 మీదే అక్టోబర్ వరకు. మిగతా మూడింటికి ఎస్ఎస్‌డీలు, లినక్స్ మింట్. ఈ మూడింటిలో పిల్లల చదువు పనులూ చూసుకోవచ్చు. కొత్తది ఈ ఏడు ఒక్కటీ కొనడం లేదు. అక్టోబర్ తర్వాత ఆ రెండు ఆట యంత్రాల సంగతి సెప్టెంబర్ సమావేశంలో పెడతాం. ఈలోగా ఎవరింట్లోనైనా పాడైన కంప్యూటర్లో మిగిలిన డీడీఆర్ 4 మెమరీ ఉంటే పారేయకుండా సంఘం గదికి తెచ్చివ్వండి. 8 జీబీవి మూడు దొరికితే చాలు.