ఫోన్‌లో వైద్యం: చిన్న జబ్బుకు మేలు, పెద్ద జబ్బుకు ముప్పు

పిల్లవాడికి జలుబు, కొద్దిపాటి జ్వరం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పది కిలోమీటర్ల దూరం. వెళితే ఆ రోజు కూలి పోతుంది. అందుకని తల్లి మందుల షాపులో అడిగి నాలుగు బిళ్లలు తెస్తుంది, లేదా ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది వేయిస్తుంది. అవసరం లేని యాంటీబయాటిక్‌లు ఇలాగే ఇళ్లలోకి వస్తున్నాయి. మన సంఘాల్లో ఈ అనుభవం లేని కుటుంబం అరుదు.

దీనికి మరో దారి ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే వైద్యునితో ఉచితంగా మాట్లాడవచ్చు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇంటి నుంచే వాడుకునే వీలు కలిగింది. స్మార్ట్‌ఫోన్ లేనివారు గ్రామంలోని ఆరోగ్య ఉపకేంద్రానికి వెళితే అక్కడి ఆరోగ్య సిబ్బంది బీపీ, జ్వరం చూసి, తెర మీద డాక్టరుతో మాట్లాడిస్తారు. జలుబు, దగ్గు, చర్మంపై దురద, కడుపులో మంట, పాత బీపీ మందుల చీటీ కొనసాగింపు వంటివాటికి ఇది చాలా మేలు. ప్రయాణ ఖర్చు, కూలి నష్టం రెండూ తప్పుతాయి.

అయితే తెరకు హద్దులున్నాయి. డాక్టరు గుండెకు స్టెతస్కోపు పెట్టలేడు, కడుపు నొక్కి చూడలేడు. అందుకే 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అత్యవసర పరిస్థితుల్లో రోగిని నేరుగా ఆసుపత్రికి పంపమంటున్నాయి. మత్తు కలిగించే కొన్ని మందులను ఫోన్‌లో రాయకూడదని నిషేధించాయి. మందుల చీటీపై డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నాయి. అవి లేని చీటీని నమ్మవద్దు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. తన జబ్బు చిన్నదా పెద్దదా అని ముందుగా తేల్చుకోవలసింది రోగే. మనలో చాలామంది గుండెనొప్పిని "గ్యాస్" అనుకుంటారు. పిల్లలు హడలిపోతారని పెద్దవాళ్లు నొప్పిని దాచుకుంటారు. ఛాతీలో బరువు, ఊపిరాడకపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, ఫిట్స్, పాము కాటు, పసిబిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉండటం – వీటికి యాప్ తెరవకూడదు, 108కి ఫోన్ చేయాలి. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ గడువులో ఒక గంట ఫోన్ చూస్తూ పోగొట్టుకుంటే తిరిగి రాదు.

ప్రభుత్వాలకూ ఒక మాట. తెర మీద డాక్టరు ఉన్నాడు కదా అని ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంచడం న్యాయం కాదు. పరీక్ష అవసరమని ఫోన్‌లో చెప్పినప్పుడు వెళ్లడానికి దగ్గరలో ఒక చోటు ఉండాలి. లేకపోతే ఆ సలహా పేదవాడికి అక్కరకు రాదు.

ఇక మన వంతు. ఒంటరిగా ఉండే అవ్వకు ఓటీపీ అంటే ఏమిటో తెలియదు, తెలియని వాళ్లకు చెప్పకూడదనీ తెలియదు. ఆదివారం ఆరాధన అయ్యాక యౌవనస్థులు ఇద్దరు అరగంట కూర్చుని, పెద్దలకు ఈ-సంజీవనిలో నమోదు చేయించవచ్చు. వాడుతున్న మందుల పేర్లు, పడని మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. పైన చెప్పిన ప్రమాద సూచనలను, 108 నంబరుతో సహా, మందిరం గోడకు అంటించవచ్చు. స్త్రీల సమాజం కూటంలో ఒక్కసారి చదివి వినిపించినా చాలు.

రోగుల కోసం ప్రార్థించే సంఘం, డాక్టరుతో మాట్లాడే వేళ రోగి పక్కన కూర్చోవడం కూడా నేర్చుకోవాలి. దాచుకున్న నొప్పిని అడిగి చెప్పించేది, ఆలస్యం చేయకుండా బండి ఎక్కించేది పక్కనున్న మనిషే.